ముక్కు మంటతో సీపాప్‌ను అటకెక్కించకండి

ఆయనకు 52 ఏళ్లు. లారీ డ్రైవరు. ఎక్కువగా రాత్రి ట్రిప్పులే. గురక, పగటి నిద్ర, ఎంతకూ దిగిరాని బీపీతో మా ఓపీకి వచ్చారు. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 42 సార్లు శ్వాసకు అడ్డంకి ఏర్పడుతోందని తేలింది. అప్పో సప్పో చేసి సీపాప్ మిషన్ కొనుక్కున్నారు. నెల తర్వాత వచ్చినప్పుడు బీపీ 160/100 ఉంది. ‘మిషన్ పెట్టుకుంటున్నారా?’ అని అడిగాను. ‘పెట్టుకుంటున్నా సార్’ అన్నారు. ఇంకో బీపీ మాత్ర కలిపి రాశాను. ఆ తర్వాతి నెలలో భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. అదే ప్రశ్న వేస్తే ఈసారి ఆమె జవాబిచ్చారు. ‘ఎక్కడ సార్! దాన్ని అటక మీద పడేసి నెలన్నర అయింది.’

టార్చి వేసి ముక్కులోకి చూశాను. రెండు రంధ్రాల అంచులూ ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. ఒకవైపు పక్కు కట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన తలదించుకున్నారు. ‘ఇంత పెద్ద జబ్బుకు మందిస్తుంటే ముక్కు మంట అంటే నవ్వుతారనుకున్నా సార్.’

నెలన్నరపాటు ఆయన నిద్రమత్తుతోనే రాత్రిళ్లు స్టీరింగు పట్టుకున్నారు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. నేను మిషన్ గురించి అడిగాను గానీ ముక్కు చూడలేదు. పరీక్షించాల్సిన చోట పరీక్షించకుండా మాత్ర పెంచాను.

ఈ వారం చెప్పదలచుకున్నది అదే. సీపాప్ వాడేవారిలో ముక్కు దగ్గర మంట, ఒరిపిడి, చిన్న పుండు చాలా మామూలు. ఇది భరించాల్సిన బాధ కాదు, మిషన్ మానేయడానికి కారణమూ కాదు. ‘మాస్కు మీకు సరిపోలేదు’ అని మీ ముక్కు చెబుతున్న మాట అది. దాదాపు ప్రతిసారీ దీన్ని సరిచేయవచ్చు.

చిన్న మంట వెనుక పెద్ద జబ్బు

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో గాలి వెళ్లే దారి పూర్తిగా మూసుకుపోయి శ్వాస పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఊపిరి అందుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ అదే వరుస. ఇదే స్లీప్ ఆప్నియా. ఇలా గంటకు 30 సార్లు, ఆపైన జరిగితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. దీన్ని వదిలేస్తే బీపీ అదుపులోకి రాదు. గుండె లయ తప్పడం, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. పగలు కునికిపాట్లు వస్తాయి. వాహనం నడిపేవారికైతే ఆ కునుకు ప్రాణాంతకం కావచ్చు.

సీపాప్ చేసే పని చాలా సరళం. గాలిని కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపి గొంతు మూసుకుపోకుండా లోపలి నుంచి ఆసరా ఇస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు 1980లో దీన్ని మొదలుపెట్టారు. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయ్యాయి. తొలినాళ్లలో రోగి ముక్కు అచ్చు తీసి మాస్కు తయారుచేసేవారు. రోజూ రాత్రి దాన్ని జిగురుతో ముఖానికి అతికించేవారు. ఇప్పుడు మెత్తటి సిలికాన్ మాస్కులు రకరకాల ఆకారాల్లో, సైజుల్లో వస్తున్నాయి. అయినా మూల సమస్య మారలేదు. ప్రతి మనిషి ముక్కూ వేరు. మాస్కు మాత్రం పెట్టెలోంచి వస్తుంది.

మిషన్ ఆపిన ఒకట్రెండు రాత్రుల్లోనే గురక, శ్వాస ఆగిపోవడం తిరిగి మొదలవుతాయి. అందుకే ‘పుండు మానాక మళ్లీ పెట్టుకుందాంలే’ అని నెలల తరబడి వాయిదా వేయడం ప్రమాదం.

ముందు నొప్పి ఎక్కడో చూడండి

మంట అన్నది ఒకటే మాట అయినా కారణాలు వేరు. పొద్దున మాస్కు తీయగానే అద్దం ముందు నిలబడి, ఫోను టార్చి వేసి చూసుకోండి.

రంధ్రం అంచు ఎర్రబడి చర్మం లేచిపోతే అది ఒరిపిడి. ముక్కు రంధ్రాల్లో ఆనించే చిన్న సిలికాన్ బుడిపెలు ఉండే రకం వాడేవారిలో ఇది ఎక్కువ. వీటినే నేసల్ పిల్లోస్ అంటారు. సైజు తప్పడం, పట్టీలు బిగించడం, ట్యూబు లాగడం దీనికి ప్రధాన కారణాలు.

రెండు రంధ్రాల మధ్య, పైపెదవికి మీద ఉండే చర్మం నొప్పి పెడితే మాస్కు వంకరగా కూర్చుంటోందని, లేదా బరువంతా కిందివైపే పడుతోందని అర్థం.

బయట అంతా బాగుండి లోపల మంట, పొడిబారడం, పక్కు, చీదినప్పుడు చిన్న రక్తపు చార కనిపిస్తే అది పొడి గాలి పని. పొద్దున లేచేసరికి నోరు కూడా ఎండిపోతే నోట్లోంచి గాలి బయటికి పోతోందన్నమాట.

మాస్కు ఆనిన మేర అచ్చు గుద్దినట్టు ఎర్రబడి దురద పెడితే, మాస్కు మీద మిగిలిపోయిన సబ్బును, క్రీమును ముందు అనుమానించండి. సిలికాన్‌కే అలర్జీ రావడం అరుదు.

బిగిస్తే ఆగదు, పెరుగుతుంది

గాలి కారుతోందని తెలియగానే అందరూ చేసే పని పట్టీ లాగి బిగించడం. అక్కడే కథ చెడుతుంది.

చిన్న లెక్క చూడండి. సీపాప్ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటి మట్టంలో కొలుస్తారు. సాధారణంగా అది 4 నుంచి 20 మధ్య ఉంటుంది. పది సెంటీమీటర్లు అంటే చదరపు సెంటీమీటరుకు పది గ్రాముల బరువుతో సమానం. ముక్కును కప్పే మాస్కు లోపలి వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, గాలి ఆ మాస్కును నెట్టే బలం 200 గ్రాములే. దాన్ని ఆపడానికి పట్టీ అంతకంటే కాస్త ఎక్కువ బలంతో పట్టుకుంటే చాలు. ముక్కు కిందే ఆనే చిన్న పిల్లోస్‌కు ఇంకా తక్కువ చాలు. మనం మాత్రం బస్సు మీద లగేజీ కట్టినట్టు కడతాం.

పైగా ఇప్పటి మాస్కుల్లో అంచు పలచని పొరలా ఉంటుంది. గాలి నిండితే అది ఉబ్బి ముఖానికి తనంతట తానే అతుక్కుంటుంది. బిగిస్తే ఆ పొర మడత పడి గాలి ఇంకా కారుతుంది. మళ్లీ బిగిస్తాం. తెల్లారేసరికి పుండు మిగులుతుంది.

సరైన పద్ధతి ఇది. కూర్చుని కాదు, పడుకుని మాస్కు పెట్టుకోండి. పడుకుంటే బుగ్గలు, ముఖపు కండరాలు సర్దుకుని ఆకారం కొంచెం మారుతుంది. పట్టీలన్నీ వదులు చేయండి. మిషన్ ఆన్ చేయండి. గాలి వస్తుండగా మాస్కును ముఖం నుంచి కొద్దిగా పైకెత్తి మెల్లగా వదలండి. అంచు నిండుకుని సరిగ్గా కూర్చుంటుంది. ఇప్పుడు రెండు వైపులా సమానంగా, గాలి కారడం ఆగేంత వరకే బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. మీ మాస్కుకు ముందువైపు సన్నని రంధ్రాలుంటాయి. అక్కడి నుంచి గాలి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మీరు వదిలిన గాలి బయటికి పోవడానికి పెట్టిన దారి అది. దాన్ని లీకనుకుని ప్లాస్టరు వేయకండి.

ట్యూబు విషయం కూడా చూడండి. పక్కకు తిరిగిన ప్రతిసారీ అది మాస్కును లాగుతుంది. రాత్రంతా ఆ లాగుడు ముక్కు అంచు మీదే పడుతుంది. ట్యూబును తల మీదుగా పైకి తీసుకెళ్లి మంచం తలవైపు కట్టుకోండి. దోమతెర కట్టేవారు తలవైపు తాడుకు మెత్తటి గుడ్డపేలికతో వదులుగా వేలాడదీస్తే సరిపోతుంది. తిరగడానికి సరిపడా పొడవు వదలండి.

సైజు ఒకటే కాదు, రకమూ చూడాలి

పిల్లోస్ చాలా కంపెనీల్లో చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. చాలాసార్లు ఒకే పెట్టెలో మూడూ ఉంటాయి. అమ్మినవారు ఒకటి తగిలించి వెళితే మిగతావి బీరువాలోనే ఉండిపోతాయి. చిన్నదైతే రంధ్రం లోపలికి దిగబడి గోడలను రాస్తుంది, గాలి కారుతుంది, దాంతో బిగిస్తాం. పెద్దదైతే అంచును ఎడంగా నెడుతుంది. సరైన సైజు రంధ్రం వాకిట్లో ఆని ఉండాలి గానీ లోపలికి గుచ్చుకోకూడదు. మన రెండు రంధ్రాలూ ఒకేలా ఉండాలని లేదు. అప్పుడు పెద్ద రంధ్రానికి సరిపోయే సైజుతో ముందు ప్రయత్నించాలి. మా డ్రైవరు గారి సమస్య అదే. చిన్న సైజు పెట్టుకుని బిగించుకుంటూ వచ్చారు. మధ్య సైజు ఆయన ఇంట్లోనే, పెట్టెలో, సీలు విప్పకుండా ఉంది.

సైజు మార్చినా తగ్గకపోతే రకం మార్చాలి. రంధ్రాల్లోకి పోకుండా ముక్కు కింద ఊయలలా ఆనేవి ఉన్నాయి. ముక్కు మొత్తాన్ని కప్పేవి ఉన్నాయి. ఎప్పుడూ ముక్కు దిబ్బడే ఉండి, నోటితో ఊపిరి తీసేవారికి ముక్కునూ నోటినీ కలిపి కప్పేవి ఉన్నాయి. వీలుంటే రెండు రకాలు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి వాడటం మంచి ఉపాయం. ఒత్తిడి ఒకేచోట పడదు. మాస్కు ఖరీదు కొన్ని వేల రూపాయలు. అందుకే కొనేముందే పడుకోబెట్టి, గాలి పెట్టి చూపించమని గట్టిగా అడగండి. సరిపోకపోతే మార్చి ఇచ్చే గడువు ఎంతో ముందే తెలుసుకోండి. సిలికాన్ గట్టిపడినా, పసుపురంగుకు తిరిగినా, అంచు చిరిగినా ఆ భాగం ఒక్కటే కొత్తది వేయించవచ్చు. ప్రతిసారీ మాస్కు మొత్తం కొనక్కర్లేదు.

ముక్కుపుడక ఉన్న ఆడవారి మాట ప్రత్యేకంగా చెప్పాలి. ముక్కును కప్పే మాస్కు బయటి నుంచి రాయిని నొక్కుతుంది. పిల్లోస్ అయితే లోపలివైపు మరను రాస్తాయి. రెండు విధాలా పుండే. రాత్రిపూట తీసి పొద్దున పెట్టుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. ‘ముక్కుపుడక తీయకూడదు డాక్టరు గారూ’ అనే అమ్మలు చాలామంది ఉంటారు. వారితో వాదించి లాభం లేదు. లోపల మర చదునుగా ఉండే చిన్న పుడకకు మారి, దాన్ని తాకని మాస్కు ఎంచుకోవచ్చు. ఆ సంగతి కొనేటప్పుడే చెప్పండి. మీసమున్న మగవారికి ముక్కును కప్పే మాస్కు అంచు సరిగా ఆనకపోవచ్చు. వారికి తరచుగా పిల్లోస్ నయం.

పొడి గాలి, నోటి లీకు

మామూలుగా మనం పీల్చే గాలికి ముక్కు తేమ అందిస్తుంది. వదిలే గాలి ఆ తేమలో కొంత తిరిగి ముక్కుకే ఇచ్చి వెళుతుంది. నోరు తెరిచి నిద్రపోతే ఈ చక్రం తెగిపోతుంది. గాలి ముక్కులోంచి లోపలికి వస్తూ నోట్లోంచి పోతూ ఉంటుంది. ముక్కు ఇస్తూనే ఉంటుంది, తిరిగి ఏమీ రాదు. కొన్ని గంటల్లో లోపలి పొర ఎండి, వాచి, దిబ్బడ కడుతుంది. దిబ్బడ పెరిగితే నోరు ఇంకా తెరుచుకుంటుంది.

అందుకే మిషన్‌కు వేడి నీటి తొట్టి, అంటే హ్యుమిడిఫయర్ ఉంటే దాన్ని వాడండి. మధ్యస్థంగా మొదలుపెట్టి, మంట తగ్గకపోతే రెండు మూడు రాత్రులకోసారి ఒక మెట్టు పెంచండి. ట్యూబులో నీటి బిందువులు చేరి ముఖం మీద పడితే ఒక మెట్టు తగ్గించండి. లేదా ట్యూబుకు గుడ్డ తొడుగు వేయండి. ఏసీ గదిలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఏసీని మరీ చల్లగా పెట్టకండి. మిషన్ తలకంటే కిందిమట్టంలో ఉండాలి. అప్పుడే ట్యూబులో చేరిన నీళ్లు ముక్కువైపు రావు. నేల మీద పడుకునేవారు పరుపు కాస్త ఎత్తు వేసుకుని, మిషన్‌ను పలచని పలక మీద ఉంచితే నేల మీది దుమ్మును అంతగా పీల్చదు.

తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీల కోసం అమ్మే నీళ్లు దీనికి పనికిరావు. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ దొరకని రోజు కాచి చల్లార్చిన నీళ్లతో గడపవచ్చు. రోజూ పాత నీళ్లు పారబోసి, తొట్టి ఆరబెట్టి, రాత్రికి కొత్తవి పోయాలి.

దోమల చక్రం, అగరుబత్తి వెలిగించిన గదిలో మిషన్ ఆ పొగను కూడా లాగి నేరుగా మీ ముక్కులోకి పంపుతుంది. ఫిల్టరు దుమ్మును ఆపుతుంది గానీ పొగను పూర్తిగా ఆపలేదు. దోమతెర వాడండి. ఫిల్టరును కంపెనీ చెప్పినట్టు కడగండి లేదా మార్చండి.

నోరు తెరుచుకుంటోందని మూతికి ప్లాస్టరు వేసుకునే ధోరణి ఇప్పుడు కనిపిస్తోంది. ముక్కు దిబ్బడ ఉన్నవారికి, వాంతి వచ్చే అవకాశం ఉన్నవారికి అది ప్రమాదం. ముందు దిబ్బడకు కారణం వెతకాలి. అలర్జీ అయితే దానికి మందుంది. ముక్కు దూలం వంకరో, లోపల కండ పెరగడమో ఉంటే ఈఎన్‌టీ వైద్యులు చూడాలి. గడ్డానికి ఆసరా ఇచ్చే పట్టీ కొందరికి పనిచేస్తుంది. కొందరికి నోటినీ కప్పే మాస్కు అవసరమవుతుంది.

ఏం రాయాలి, ఏం రాయకూడదు

పడుకోబోయే ముందు, లేచాక సెలైన్ స్ప్రే రెండు రంధ్రాల్లోనూ కొట్టుకోండి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ నేసల్ జెల్‌ను శుభ్రమైన వేలితో రంధ్రం అంచుకు పలచగా రాయండి. ఇది నీటితో తయారైనది కాబట్టి సిలికాన్‌ను పాడుచేయదు. ముక్కును ఇంట్లో ఉప్పునీటితో కడుక్కునేవారు కాచి చల్లార్చిన నీళ్లు మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు.

వాసెలిన్, కొబ్బరినూనె, నెయ్యి అందరి ఇళ్లలోనూ ఉంటాయి. పగలు బయటి చర్మం మీద రాసుకుంటే పెద్ద నష్టం లేదు. మాస్కు పెట్టుకునే ముందు మాత్రం వద్దు. నూనె సిలికాన్‌ను పాడుచేస్తుంది, మాస్కు జారిపోయేలా చేస్తుంది. ముక్కు లోపల రోజూ నూనెగానీ వాసెలిన్‌గానీ రాస్తూ పోతే అది ఊపిరితిత్తుల్లోకి చేరి అరుదుగా ఒక రకం న్యుమోనియాకు దారితీస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవారు ముక్కు దగ్గర వాసెలిన్ అసలు వాడకూడదు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

తలనొప్పి బామ్‌లను ముక్కులో రాయకండి. అందులోని కర్పూరం, మెంథాల్ ఒరిసిన చర్మాన్ని ఇంకా మండిస్తాయి. దురద తగ్గుతుందని అడగ్గానే దుకాణంలో చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది. రేపు సిలికాన్ తగలగానే మళ్లీ చిట్లుతుంది. ముక్కు దిబ్బడ వెంటనే విప్పే చుక్కల మందులను నాలుగైదు రోజులకు మించి వాడితే దిబ్బడ అంతకు రెట్టింపై తిరిగొస్తుంది. అలర్జీకి వైద్యులు రాసే స్ప్రే వేరు, దాన్ని ఎక్కువ కాలం వాడవచ్చు. కాకపోతే కొట్టే తీరు ముఖ్యం. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో, చెవివైపు గురిపెట్టి కొట్టండి. నడిమి గోడకు తగిలేలా కొడితే అక్కడే పుండుపడి రక్తం వస్తుంది. ఆ నేరం మాస్కు మీద పడుతుంది.

పక్కును గోటితో లాగకండి. సెలైన్‌తో నానితే అదే ఊడివస్తుంది. చీము పడితే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ అవసరం కావచ్చు. అది వైద్యులు చూసి రాయాలి.

రోజూ రెండు నిమిషాల శుభ్రత

రాత్రంతా ముఖం మీది జిడ్డు, చెమట మాస్కుకు అంటుకుంటాయి. ఆ జిడ్డు వల్ల మాస్కు జారుతుంది, మనం బిగిస్తాం. పొద్దున తీయగానే ముఖానికి ఆనే సిలికాన్ భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో, వాసన లేని తేలికపాటి సబ్బుతో వేళ్లతో రుద్ది కడగండి. సబ్బు జారు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయండి. నీడలో ఆరబెట్టండి. ట్యూబును, పట్టీలను వారానికోసారి కడిగితే చాలు. మరిగే నీళ్లు, యాంటిసెప్టిక్ ద్రవాలు, శానిటైజరు, స్పిరిట్, నడి ఎండ వద్దు. వాటి అవశేషాలే రాత్రి మీ చర్మాన్ని కాలుస్తాయి. పడుకునే ముందు మీరూ ముఖం కడుక్కుని తుడుచుకోండి. క్రీములు, తలనూనె ఆ తర్వాత వద్దు.

పుండు మానేదాకా ఎలా?

మిషన్ మానకుండానే మానే మార్గాలు ముందు చూడండి. ఇంకో సైజు, ఇంకో రకం మాస్కు, పల్చటి గుడ్డ లైనరు. ఇవేవీ అందుబాటులో లేక ఒకటి రెండు రాత్రులు ఆపక తప్పకపోతే పక్కకు తిరిగి, తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకోండి. మద్యం, నిద్రమాత్రలు ముట్టకండి. కునుకు వస్తుంటే వాహనం తీయకండి. ఆ రెండు రాత్రుల్లోపే మీ వైద్యులకు ఫోను చేయండి. ఒత్తిడిని మీరే తగ్గించుకోకండి. మంట తగ్గినట్టనిపిస్తుంది గానీ గొంతు మళ్లీ మూసుకుపోతుంది. ఒత్తిడి ఎక్కువైందనిపిస్తే తగ్గించవచ్చో లేదో మిషన్‌లో నమోదైన లెక్క చూసి మేం చెబుతాం.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆస్పత్రికి రండి. ముక్కు కొస ఎర్రగా వాచి, సలుపుతో జ్వరం వస్తే ఆరోజే చూపించాలి. వాపు పైపెదవికి, కంటి రెప్పలకు పాకినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా అత్యవసరం. ముక్కు చుట్టుపక్కల ఇన్ఫెక్షన్ అరుదుగానైనా మెదడు దాకా పాకగలదు. అక్కడి కురుపును ఎప్పుడూ పిండకండి. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త. ముక్కులో నల్లటి పక్కు, బుగ్గ తిమ్మిరి ఉంటే ఒక్కరోజూ ఆగొద్దు. 2021లో బ్లాక్ ఫంగస్ ఎంత నష్టం చేసిందో చూశాం. ఒత్తిపెట్టినా ఆగకుండా ముక్కు నుంచి రక్తం కారినా, మాస్కు సరిచేశాక కూడా మూడు వారాల్లో పుండు మానకపోయినా ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి.

చీటీ మీద ‘సీపాప్’ అని రాస్తే సరిపోదు

ఇప్పటిదాకా మీకు చెప్పాను. ఇక మా వాళ్లకు.

షుగరు రోగికి ఇన్సులిన్ రాస్తే సూది ఎక్కడ గుచ్చుకోవాలో చూపించి పంపుతాం. ఆస్తమాకు ఇన్‌హేలర్ రాస్తే పీల్చి చూపించమంటాం. సీపాప్ విషయంలో మాత్రం చీటీ మీద మిషన్ పేరు, ఒత్తిడి అంకె రాసి చేతులు దులిపేసుకుంటున్నాం. మాస్కు ఏ రకం, ఏ సైజు అన్నది దుకాణం వాళ్లకు వదిలేస్తున్నాం. కొందరు ఓపిగ్గా అమర్చి చూపిస్తారు. కొందరి దగ్గర మిషన్ పెట్టెలో కొరియర్‌లో ఇంటికి వచ్చేస్తుంది. తర్వాత రోగి, ఆ పెట్టె, ఒక ఇంగ్లిషు పుస్తకం మిగులుతాయి.

మాస్కు అనేది మిషన్‌తో వచ్చే తొడుగు కాదు, చికిత్సలో సగం. దాని రకం, సైజు చీటీ మీద ఉండాలి. మొదటి వారంలో ఒక ఫోను, మొదటి నెలలో ఒకసారి ముఖాముఖి పరీక్ష ఉండాలి. ఇందులో ఖర్చయ్యేది ఒక టార్చి, ఐదు నిమిషాలు. ఓపీలో రద్దీ ఎంతో నాకు తెలుసు. అయినా ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకుని నేను చేసిందేమిటో కూడా తెలుసు. అవసరం ఉందో లేదో తేల్చుకోకుండా ఒక మాత్ర పెంచాను.

‘పెట్టుకుంటున్నారా?’ అని అడిగితే ‘అవును’ అనే జవాబే వస్తుంది. మిషన్ ఎన్ని గంటలు నడిచిందో దానిలోనే నమోదవుతుంది. రాత్రికి కనీసం 4 గంటలు, పది రాత్రుల్లో ఏడు రాత్రులు అన్నది వాడకానికి కనీస కొలతగా చూస్తారు. నిద్రపోయినంతసేపూ ఉంటేనే పూర్తి మేలు. పగలు నిద్రపోయేవారు పగలే పెట్టుకోవాలి. మీరు మా దగ్గరికి వచ్చేటప్పుడు కాగితాలతోపాటు మాస్కునూ వెంట తెచ్చుకోండి. మేం అడగకపోతే మీరే తీసి బల్ల మీద పెట్టి ‘ఇక్కడ నొప్పి పెడుతోంది’ అని చూపించండి. నవ్వుతారేమోనన్న మొహమాటం వద్దు. ఇంట్లోవారికీ ఒక మాట. మిషన్ అటకెక్కిన సంగతి ముందు మీకే తెలుస్తుంది. మా దాకా తెచ్చేదీ మీరే.

మా డ్రైవరు గారు ఇప్పుడు మధ్య సైజు పిల్లోస్‌తో నిద్రకు ఐదారు గంటలు వాడుతున్నారు. పుండు పది రోజుల్లో మానింది. నేను అదనంగా రాసిన బీపీ మాత్ర ఇంకా తీసేయలేదు. వచ్చే నెల బీపీ చూశాక నిర్ణయిద్దామన్నాను. ఆయన రాగానే ఈసారి బీపీ పట్టీ చుట్టే ముందు టార్చి తీస్తాను.